పెంపుడు నేస్తాలు: కొత్త తాబేలు, పాత పొరపాట్లు

(పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

కొన్ని నెలలుగా విజయవాడ, గుంటూరుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు తాబేళ్ల గురించే. పిల్లల పరీక్షలు అయిపోవడం, అక్వేరియం షాపుల ముందు టబ్బుల్లో పిల్ల తాబేళ్లు కనిపించడం ఒకేసారి జరుగుతాయి మరి. ఒకే రకం ప్రశ్నల్ని కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా బాబు పుట్టినరోజుకి రెండు చిన్న ఆకుపచ్చ తాబేళ్లు మాట్లాడి ఉంచాం. కంటి వెనక ఎర్రటి చార ఉంది. మధ్యలో ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు ఉన్న డబ్బా, ఎండు రొయ్యల సీసా కూడా కలిపి ఇస్తామన్నారు. ఆదివారం తెచ్చుకుంటాం. ముందు ఏమేం సిద్ధం చేసుకోవాలి?
– ఒక గృహిణి, పటమట, విజయవాడ

జవాబు: ఈ సంచిక మీ చేతికొచ్చేసరికి ఆ ఆదివారం దాటిపోయే ఉంటుంది. అయినా పర్వాలేదమ్మా, కింద చెప్పినవి తెచ్చాక చేసినా పనికొస్తాయి.

మీరు చెప్పిన గుర్తును బట్టి అవి రెడ్ ఇయర్డ్ స్లైడర్లు. సొంత ఊరు అమెరికా దక్షిణ ప్రాంతం. ఇప్పుడు నాలుగు సెంటీమీటర్లున్న పిల్ల ఆడదైతే డిప్ప 25 నుంచి 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, మగదైతే 15 నుంచి 20 దాకా. సరిగ్గా చూసుకుంటే 20 ఏళ్లు దాటి బతుకుతుంది. మీ బాబు పెళ్లికి కూడా అది ఉంటుందనుకుని కొనండి. రెండు వద్దు, ఒక్కటే తీసుకోండి. తోడు లేకపోతే దిగులు పెట్టుకునే జీవి కాదది. ఇరుకు తొట్టిలో రెండు పెరిగితే బలమైనది రెండోదాన్ని గట్టెక్కనివ్వదు, తోక, కాళ్లు కొరుకుతుంది.

కొబ్బరిచెట్టు డబ్బా ఊరికే ఇచ్చినా తీసుకోకండి. అందులో పట్టే లీటరు, రెండు లీటర్ల నీళ్లు ఒక్క పూటలో పాడవుతాయి, గంటలో వేడెక్కుతాయి, గంటలో చల్లారతాయి. ఆ దీవి మీద తాబేలు పూర్తిగా ఆరదు కూడా.

మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు గాజు తొట్టి తీసుకోండి. 8 మిల్లీమీటర్ల గాజైతే నిశ్చింత. అడుగు లోతు నీళ్లు పోస్తే 120 లీటర్లు పడుతుంది, గాజుతో కలిపి 150 కిలోలు దాటుతుంది. కాబట్టి టీవీ స్టాండు మీద పెట్టకండి. ఇనుప స్టాండు చేయించి, తొట్టి కింద థర్మోకోల్ షీటు పరవండి. లేకపోతే చిన్న ఎగుడుదిగుడుకే అడుగు గాజు చీలుతుంది. అంత ఖర్చు ఇప్పుడే వద్దనుకుంటే ఏడాది పాటు 80, 100 లీటర్ల ప్లాస్టిక్ టబ్బు సరిపోతుంది. చూడ్డానికి బాగోదు గానీ తాబేలుకు ఏ లోటూ ఉండదు.

నీటి లోతు: మొదటి వారం 8 నుంచి 10 సెంటీమీటర్లు. షాపు టబ్బులో నీరసించి వచ్చిన పిల్ల వెల్లకిలా పడ్డా తిప్పుకుని తల పైకెత్తగలగాలి. బాగా ఈదుతోందని రూఢి అయ్యాక వారానికి రెండు సెంటీమీటర్ల చొప్పున పెంచుకుంటూ పోండి. డిప్ప వెడల్పు కంటే తక్కువ లోతు మాత్రం ఎప్పుడూ ఉండకూడదు.

అన్నిటికంటే ముఖ్యం నీళ్ల పైన పొడి అరుగు. తాబేలు దాని మీదికెక్కి అడుగు భాగంతో సహా ఎండాలి. ఇలా చేసుకోవచ్చు: అంచులు నున్నగా అరగదీయించిన కడప రాయి ముక్క, అడుగు పొడవు, అరడుగు వెడల్పు. కాళ్లకు పీవీసీ పైపు ముక్కలు నాలుగు. అక్వేరియం సిలికాన్‌తో అతికించి రెండు రోజులు ఆరనివ్వాలి. బాత్రూముల్లో వాడే సిలికాన్‌లో బూజు మందు కలిపి ఉంటుంది, అది వద్దు. ఎక్కడానికి గరుకైన మరో రాయి ఏటవాలుగా పెట్టండి, దాని కింది కొస నీళ్లలో మునిగి ఉండాలి. రాళ్లు ఒకదాని మీద ఒకటి ఊరికే పేర్చకండి. పిల్ల తవ్వితే అవి దాని మీదే కూలతాయి. పైపుల బోలు, ఫిల్టరుకీ గాజుకీ మధ్య సందు చూసుకోండి. తాబేలు తిరిగి బయటికి రాగలిగేంత వెడల్పుగానో, తల కూడా పట్టనంత ఇరుకుగానో ఉండాలి. మధ్యరకం సందుల్లో ఇరుక్కుని మునిగి చనిపోతాయి. ఊపిరికి పైకి రావాల్సిన జీవి కదా.

అడుగున రంగు గులకరాళ్లు వేయకండి. మింగితే పేగుకి అడ్డుపడతాయి. ఏమీ వేయకపోతే శుభ్రం చేయడం సులువు. వేయాలనుంటే తాబేలు తలకంటే పెద్దవైన నున్నటి రాళ్లే వేయండి.

షాపు నుంచి తెచ్చేటప్పుడు నీళ్ల కవరు వద్దు. గాలి రంధ్రాలున్న డబ్బాలో తడి గుడ్డ పరిచి తీసుకురండి. మధ్యాహ్నం బండి డిక్కీలో పెట్టకండి. ఇంటికొచ్చాక నేరుగా అరుగు మీద వదిలేయండి, నీళ్లలోకి ఎప్పుడు దిగాలో అదే చూసుకుంటుంది. తొట్టిలో నీళ్లు అంతకు ఒక రోజు ముందే పోసి, 26 నుంచి 28 డిగ్రీల మధ్య నిలిచాయో లేదో థర్మామీటరుతో చూసి ఉండాలి. పుట్టినరోజు నాడు వచ్చిన పిల్లలంతా చేతుల్లోకి తీసుకోవడం మాత్రం మానిపించండి. వారం, పది రోజులు ఎవరూ పట్టుకోకూడదు.

ప్రశ్న: డిసెంబరులో స్లైడర్ తెచ్చాను. ఐదు రోజులైంది, ఒక్క గింజ ముట్టలేదు. మూలకి చేరి కూర్చుంటోంది. నోటి దగ్గర పెట్టినా తల లోపలికి లాక్కుంటోంది. చచ్చిపోతుందా?
– డిగ్రీ విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: నోటి దగ్గర పెట్టడమే మానండి. చోటు మారిన తాబేలుకు పైనుంచి వచ్చే ప్రతి చెయ్యీ గద్దే. ఐదు రోజులు తినకపోవడం కొత్త పిల్లల్లో మామూలే, వారం దాకా కంగారు పడక్కర్లేదు.

మీ ఉత్తరంలో నీటి వేడి ఎంతో లేదు. అసలు చూడాల్సింది అదే. తాబేలు ఒంటి వేడి నీటి వేడిని బట్టే ఉంటుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో గుంటూరులో గది చల్లబడితే తొట్టి నీళ్లు 21, 22 డిగ్రీలకు దిగుతాయి. 24 కంటే తగ్గితే పిల్ల తాబేలుకు ఆకలి చచ్చిపోతుంది, తిన్నది కూడా అరగదు. కాబట్టి ముందు హీటరు: లీటరుకి ఒక వాట్ లెక్కన, 50 లీటర్లకు 50 వాట్లది. గాజు హీటరైతే ప్లాస్టిక్ తొడుగు తప్పనిసరి, లేకపోతే తాబేలు గుద్ది పగలగొడుతుంది. నీళ్లు మార్చేటప్పుడు స్విచ్చి ఆపి పావుగంట ఆగాలి. వేడి హీటరు గాలి తగిలిందంటే పగులుతుంది. ఫిబ్రవరి దాటాక తీసి అటక మీద పెట్టేయొచ్చు.

అరుగు మీద వేడి కూడా కావాలి. 20, 25 సెంటీమీటర్ల ఎత్తు నుంచి 35, 50 వాట్ల హాలోజన్ బల్బు, అరుగు మీద 32 నుంచి 34 డిగ్రీలు వచ్చేలా. ఎల్‌ఈడీ పెట్టి వేడి రావడం లేదంటూ వాపోయేవారు చాలామంది. అది వెలుగే ఇస్తుంది, వేడి ఇవ్వదు.

తొట్టి మూడు వైపులా కాగితం అతికించండి. మనుషులు తిరిగే దారిలో ఉంటే దానికి కుదురుండదు. ఉదయం దీపం వెలిగిన గంట తర్వాత రెండు మూడు గింజలు వేసి పక్కకెళ్లిపోండి. అరగంట తర్వాత మిగిలినవి తీసేయండి. రెండు రోజులు గింజలు ముట్టకపోతే కదిలేదేదైనా, చిన్న వానపాము ముక్క గానీ దోమ లార్వాలు గానీ వేసి చూడండి. కదలిక చూస్తే ఆగలేదు.

ఒక గ్రాము దాకా చూపే డిజిటల్ తూకం కొనుక్కోండి. పది గ్రాముల పిల్ల వారంలో గ్రాము తగ్గినా పదో వంతు పోయినట్టే. వేడి సరిచేశాక కూడా పది రోజులు తినకపోతే, తూకం తగ్గుతుంటే, ఒక పక్కకి ఒరిగి ఈదుతుంటే, ముక్కులో బుడగలొస్తుంటే ఇక ఆగకండి, డాక్టరుకి చూపించండి. ఒరిగి ఈదడం తరచూ న్యుమోనియా లక్షణం.

ప్రశ్న: తూర్పు బాల్కనీలో తొట్టి పెట్టాం. ఏప్రిల్ రాకముందే నీళ్లు 33 చూపిస్తున్నాయి. పుస్తకాల్లో హీటరు పెట్టమంటున్నారు, మాకేమో చల్లార్చడమెలాగో తెలియడం లేదు.
– సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ఆ పుస్తకాలు చలి దేశాల వాళ్లు రాసుకున్నవి. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే మన ఊళ్లో గండం అంతా వేసవిలోనే. నీళ్లు 30 దాటితే కన్నేసి ఉంచండి, 32 దాటితే ఆ రోజే ఏదో ఒకటి చేయండి.

మొదట తొట్టిని బాల్కనీలోంచి లోపలికి జరపండి. మధ్యాహ్నం ఎండ పడని గోడ పక్కన, నేలకు దగ్గరగా. గాజు తొట్టి మీద నేరుగా ఎండ పడితే లోపల చల్లటి మూల అంటూ మిగలదు. నీళ్లు కొంచెమైతే తొందరగా కాగుతాయి, అందుకే వేసవికి తొట్టి నిండుగా ఉండాలి. మూత తీసి జాలీ వేసి, నీటి ఉపరితలం మీదుగా చిన్న టేబుల్ ఫ్యాన్ పెట్టండి. ఆవిరయ్యే కొద్దీ రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఉక్కపోత రోజుల్లో అంత దిగదు. తగ్గిన నీళ్లు రోజూ నింపుకోవాలి.

అదీ చాలకపోతే గడ్డకట్టిన లీటరు నీళ్ల సీసా మూత బిగించి తొట్టిలో వేయండి. 60 లీటర్ల నీటిని అది పూర్తిగా కరిగేలోపు ఒకటిన్నర నుంచి రెండు డిగ్రీలు తగ్గిస్తుంది. ఐసు ముక్కలు నేరుగా కుమ్మరించకండి. ఎంత దించాలన్నా గంటకు రెండు డిగ్రీలకు మించకూడదు.

ఇంకొకటి చాలామంది మర్చిపోతారు. మే నెలలో మధ్యాహ్నం మేడ మీది నల్ల ట్యాంకు నుంచి వచ్చే కుళాయి నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగి ఉంటాయి. ఆ నీళ్లతో తొట్టి మారిస్తే తాబేలుని ఉడకబెట్టినట్టే. తెల్లవారుజామున బకెట్లలో పట్టి పెట్టుకుని సాయంత్రం వాడండి, క్లోరిన్ కూడా కొంత పోతుంది.

కరెంటు పోతే భయపడకండి, చేపల్లా ఊపిరాడక పోవు. కానీ మూత బిగించిన క్యానిస్టర్ ఫిల్టరు నాలుగైదు గంటలు ఆగిందంటే నీటి మురికిని తినే లోపలి మంచి బాక్టీరియా గాలి లేక చచ్చి కుళ్లుతుంది. కరెంటు రాగానే ఆ కుళ్లంతా తొట్టిలోకి కక్కుతుంది. ముందు ఫిల్టరు విప్పి కడిగి, ఆ తర్వాతే స్విచ్చి వేయండి.

ప్రశ్న: తాబేలు తొట్టి ఉత్తరం వైపే ఉండాలా?
– అరండల్‌పేట, గుంటూరు

జవాబు: ఉత్తరం గోడ చల్లగా ఉంటుంది, మాకేం అభ్యంతరం లేదు. పడమటి కిటికీ కింద మాత్రం వద్దు, వాస్తు ఏం చెప్పినా సరే. దేవుడి గదిలోని ఇత్తడి తాబేలులా అరచేతి పళ్లెంలో నీళ్లు పోసి బతికున్నదాన్ని ఉంచడం కూడా కుదరదు.

ప్రశ్న: మాది నాలుగో అంతస్తు ఫ్లాటు, ఎండ రాదు. కిటికీ అద్దం దగ్గర పెడితే చాలా? ఆన్‌లైన్‌లో యూవీ బల్బులు చూశాను, ఏది కొనాలో తెలియడం లేదు.
– మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: అద్దంలోంచి వెలుగు వస్తుంది, వేడి వస్తుంది, తాబేలుకి కావలసిన యూవీబీ అనే అతినీలలోహిత కిరణం మాత్రం రాదు. అది లేనిదే ఒంట్లో విటమిన్ డి3 తయారవదు. డి3 లేకపోతే తిన్న కాల్షియం ఎముకకు పట్టదు. కొన్ని నెలల్లో డిప్ప అంచులు పైకి వంకర తిరుగుతాయి, నొక్కితే అట్టలా లోపలికి పోతుంది. చిన్న పిల్లల డిప్ప సహజంగానే కాస్త మెత్తగా ఉంటుంది గానీ, పెరిగే కొద్దీ గట్టిపడాలి. ఇంకా మెత్తబడుతుంటే జబ్బే.

కొనాల్సింది సరీసృపాల కోసమే చేసిన యూవీబీ ట్యూబు, 5.0 లేదా 10.0 అని రాసి ఉంటుంది. 5.0 అయితే అరుగుకి 25, 30 సెంటీమీటర్ల ఎత్తున, మధ్యలో గాజు గానీ ప్లాస్టిక్ మూత గానీ లేకుండా, రోజుకి 10 నుంచి 12 గంటలు. వెలుగుతూనే ఉన్నా 6 నుంచి 12 నెలల్లో అందులో యూవీబీ అడుగంటుతుంది. మార్చిన తేదీ హోల్డరు మీద రాసి పెట్టుకోండి. ఊదా రంగులో వెలిగే చవక ఎల్‌ఈడీలు రంగు చూపించడానికే. అక్వేరియం నీళ్లు శుభ్రం చేసే యూవీసీ దీపం అస్సలు తెరిచి పెట్టకూడదు, తాబేలు కళ్లూ మీ కళ్లూ కాలతాయి. ‘యూవీ’ అని ఉంది కదా అని అదే తెచ్చి అరుగు మీద వేలాడదీసే వాళ్లున్నారు.

దీపం కంటే మేలైంది, ఖర్చు లేనిది మేడ మీది ఎండ. వారానికి మూడు నాలుగు సార్లు, 20 నుంచి 30 నిమిషాలు. శీతాకాలంలో 9 నుంచి 10 గంటల మధ్య, వేసవిలో 7:30కి ఎక్కి 8:15కల్లా దిగిపోవాలి. గాజు తొట్టితో కాదు, వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బుతో. అందులో నీళ్లు, సగం మీద చెక్క కప్పి నీడ, పైన జాలీ. పక్కనే కూర్చోండి. ఫోను మాట్లాడుతూ పక్కకెళ్తే కాకులు వదలవు.

ప్రశ్న: ఎండు రొయ్యలు తప్ప ఇంకేం పెట్టాలో షాపు వాళ్లు చెప్పలేదు. అన్నం, బ్రెడ్డు పెట్టొచ్చా?
– లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: అన్నం, బ్రెడ్డు, పాలు, పెరుగు ఏవీ వద్దు. ఎండు రొయ్యలు మన చిప్స్ లాంటివి, ఇష్టంగా తింటుంది గానీ వాటితోనే పెరిగితే విటమిన్ ఎ, కాల్షియం రెండూ కరవవుతాయి.

రోజువారీ తిండి తాబేళ్ల పెల్లెట్లు, అంటే షాపులో దొరికే గింజలు. పిల్లకు 35 నుంచి 40 శాతం ప్రొటీన్ ఉన్నవి, రోజుకొకసారి, దాని తల ఎంతుందో అంత కొలత. అంతకు మించి అడుగుతూనే ఉంటుంది, జాలిపడకండి. ఏడాది దాటాక రోజు విడిచి రోజు, పెద్దయ్యాక వారానికి రెండు మూడు సార్లు. పెరిగే కొద్దీ మాంసం మీద మోజు తగ్గి ఆకు తినాలి.

ఆకుల్లో మనకు సులువుగా దొరికేవి తూటికూర, నీటి మీద తేలే చిన్న మొక్క అజొల్లా. పాడి రైతులు మడుల్లో అజొల్లా పెంచుతారు, పిడికెడు అడిగి తెచ్చుకుని టబ్బులో వేస్తే అదే పెరుగుతుంది. తురిమిన క్యారెట్, కాస్త మునగాకు పర్వాలేదు. పాలకూరలో ఆక్సలేట్లు ఎక్కువ, కాల్షియాన్ని పట్టేస్తాయి కాబట్టి ఎప్పుడో ఒకసారి చాలు. కాలువలో తేలే గుర్రపుడెక్క తెచ్చి వేయకండి, ఊరి మురుగంతా పీల్చుకుని ఉంటుంది.

నాన్‌వెజ్ కావాలంటే పెంకుతో సహా చిన్న పచ్చి రొయ్య, ఉప్పూకారం లేకుండా. వారానికొక్కటి చాలు. ఖీమా, కోడి మాంసం ముక్కల్లో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం లేదు, డిప్ప వంకరకు అదే దారి. పచారీ కొట్లో సముద్రపు నురుగు పేరుతో అమ్మే కటిల్ ఎముక ముక్కను గట్టి పెచ్చు తీసేసి నీళ్లలో తేలనివ్వండి. కావలసినప్పుడు కొరుక్కుంటుంది.

ప్రశ్న: రోజు విడిచి రోజు నీళ్లు మొత్తం మారుస్తున్నా వాసన పోవడం లేదు. ఫిల్టరు కూడా ఉంది.
– భవానీపురం, విజయవాడ

జవాబు: ఫిల్టరుని ఎలా కడుగుతున్నారో రాయలేదు. కుళాయి కింద స్పాంజి పిండి కడుగుతుంటే వాసన పోకపోవడానికి కారణం అదే. తాబేలు వ్యర్థంలోంచి వచ్చే అమ్మోనియాని తినే బాక్టీరియా ఆ స్పాంజిలోనే స్థిరపడుతుంది. దానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. బ్లీచింగ్ కలిసిన మున్సిపల్ నీళ్లతో కడిగిన ప్రతిసారీ దాన్ని చంపి మళ్లీ మొదటికొస్తున్నారు. తొట్టిలోంచి తీసిన పాత నీళ్లలోనే స్పాంజిని రెండు సార్లు పిండండి, అది చాలు.

నీళ్లు మొత్తం కాదు, వారానికొకసారి మూడో వంతు మార్చండి. కొత్త ఫిల్టరుకి మొదటి నెల మాత్రం రెండు రోజులకోసారి నాలుగో వంతు. కుళాయి నీళ్లకు యాంటీ క్లోరిన్ చుక్కలు కలపండి. వానాకాలంలో బ్లీచింగ్ వాసన గుప్పున కొట్టే రోజుల్లో ఇది మరీ అవసరం. తాబేలు గాలి పీలుస్తుంది కాబట్టి క్లోరిన్‌కి చేపలా చావదు గానీ, కళ్లు మండుతాయి.

ఫిల్టరు మీద రాసిన లీటర్లు చేపల లెక్క. తాబేలు చేసే చెత్తకు రెండు మూడింతల సామర్థ్యం ఉన్నది కావాలి. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా రావాలి, నైట్రేట్ 40 దాటకూడదు. తిండి వేరే టబ్బులో పెట్టి, తిన్న 20 నిమిషాలకు తొట్టిలోకి మారిస్తే సగం మురికి తగ్గుతుంది. బెదురు తీరని కొత్త పిల్లకి మాత్రం ఇది చేయకండి.

బోరు నీళ్లు వాడేవారికి డిప్ప మీద తెల్లటి పొర కడుతుంది. పాత టూత్‌బ్రష్‌తో తేలిగ్గా రుద్దితే గరుకుగా చేతికి తగిలేది సున్నం, హాని లేదు. పారదర్శకంగా పలుచటి రేకులుగా ఊడేది పెరుగుదలలో మామూలే, గిల్లి లాగకండి. గుంట పడి, మెత్తగా ఉండి, వాసనొస్తే అది డిప్ప కుళ్లు, డాక్టరు చూడాలి. పసుపు, కొబ్బరినూనె, మెరుపు కోసం ఇంకే నూనె పూసినా కింద క్రిములకు కప్పేసి ఇచ్చినట్టే.

ప్రశ్న: రెండు కళ్లూ వాచి మూసుకుపోయాయి. మందుల షాపులో చుక్కలిచ్చారు, వేయొచ్చా?
– వన్‌టౌన్, విజయవాడ

జవాబు: స్టెరాయిడ్ కలిసిన చుక్కలైతే వేయకండి. వాపుకి కారణాలు సాధారణంగా రెండు: నీళ్లలో అమ్మోనియా, నెలల తరబడి విటమిన్ ఎ లోపం. రెండూ కలిసి ఉండేదే ఎక్కువ. ఈరోజే నీళ్లు సగం మార్చండి, వేడి 28కి తెండి. తాబేలు చూపుతోనే తిండి వెతుక్కుంటుంది, కళ్లు మూసుకుంటే ఎదురుగా ఉన్నా తినదు. అందుకే ఆలస్యం పనికిరాదు.

గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లొచ్చు. వెళ్లే ముందు ఫోను చేసి తాబేళ్లను చూసే డాక్టరు ఏ రోజు ఉంటారో కనుక్కోండి. నీటి వేడి, తిండి, దీపం వివరాలు కాగితం మీద రాసుకెళ్తే సగం పరీక్ష అయినట్టే. విటమిన్ ఎ ఇంజెక్షన్ మోతాదు ఎక్కువైతే చర్మం ఊడుతుంది, ఇంట్లో ప్రయోగాలొద్దు. కుక్కలకు పురుగుల మందుగా ఇచ్చే ఐవర్‌మెక్టిన్ తాబేళ్లకు విషం. డాక్టరు కొత్తవారైతే ఈ మాట మీరే మర్యాదగా గుర్తు చేయండి, తప్పులేదు.

ప్రశ్న: ఇంట్లో ఏడు నెలల పాప ఉంది. తాబేలు ఉంటే జబ్బులొస్తాయని మా అత్తగారు అంటున్నారు.
– కొత్తపేట, గుంటూరు

జవాబు: మీ అత్తగారి మాట నిజమే. పైకి ఆరోగ్యంగా ఉన్న తాబేలు కూడా విరేచనాలు, జ్వరం తెచ్చే సాల్మొనెల్లా క్రిమిని విసర్జిస్తుంటుంది. పిల్లలు నోట్లో పెట్టుకుంటారనే అమెరికాలో నాలుగంగుళాల లోపు డిప్ప ఉన్న తాబేళ్ల అమ్మకం 1975లో నిషేధించారు. ఐదేళ్ల లోపు పిల్లలు, గర్భిణులు, ముసలివాళ్లు ఉన్న ఇంటికి కొత్తగా తేవద్దనే మా సలహా. ఇప్పటికే ఉంటే పాప పాకే గదిలో వదలకండి, తొట్టి సామాన్లు వంటింటి సింకులో కడగకండి, ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో 20 సెకన్లు చేతులు కడగండి. పాత నీళ్లు పూలమొక్కలకు మంచి ఎరువు. పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనా మడికి మాత్రం పోయకండి.

ప్రశ్న: వాన పడ్డ రోజు బందరు కాలువ గట్టు మీద తాబేలు దొరికింది. డిప్ప మెత్తగా, నున్నగా ఉంది. పెంచుకోవచ్చా?
– కృష్ణలంక, విజయవాడ

జవాబు: పెంచుకోకూడదు. మీరు చెప్పిన గుర్తులు మన చెరువుల్లో, కాలువల్లో ఉండే ఫ్లాప్‌షెల్ తాబేలువి. వెనక కాళ్లు ముడుచుకున్నప్పుడు కింద రెండు రెప్పలు మూసుకుంటే అదే. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఇది మొదటి షెడ్యూలు జీవి. 2022 సవరణ తర్వాత, ఈ షెడ్యూలు జంతువుల విషయంలో నేరానికి మూడు నుంచి ఏడేళ్ల జైలు, 25 వేలకు తగ్గని జరిమానా. డిప్ప మీద పసుపు గీతలతో నక్షత్రాలుండే మెట్ట తాబేలుకీ ఇదే వర్తిస్తుంది, ఎవరైనా రహస్యంగా అమ్మజూపితే కొనకండి. వానల్లో అవి ఒక మడుగు నుంచి మరో మడుగుకి నడుస్తాయి. గాయం లేకపోతే దొరికిన చోటికి దగ్గర్లోని నీటి అంచున వదలండి, గాయముంటే అటవీశాఖకి అప్పగించండి.

ప్రశ్న: మా స్లైడర్ పళ్లెమంత అయింది. తొట్టి చాలడం లేదు. కృష్ణలోనో గుడి కోనేటిలోనో వదిలితే పుణ్యమంటున్నారు.
– తాడేపల్లి, గుంటూరు జిల్లా

జవాబు: దయచేసి వదలకండి. ప్రపంచంలో అత్యంత హాని చేసే 100 ఆక్రమణ జీవుల జాబితాలో స్లైడర్ ఒకటి. పై జవాబులో చెప్పిన మన తాబేళ్ల తిండి, ఎండ కాచుకునే చోటు అది లాక్కుంటుంది, మన నీళ్లకు కొత్త జబ్బులు తెస్తుంది. కోనేరైనా అంతే, వానాకాలంలో పొంగితే కాలువలోకే చేరుతుంది.

పెంచుకునే ఓపిక ఉన్నవారికి ఇవ్వడం మొదటి దారి. అమ్మిన షాపులో అడిగి చూడండి, పెద్దవాటిని తీసుకునేవి కొన్ని ఉంటాయి. ఉంచుకోవాలంటే ఇంటి వెనక నీడ పట్టున ఐదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, రెండడుగుల లోతు సిమెంటు తొట్టి కట్టించండి. కొత్త సిమెంటు నీళ్లను ఘాటు క్షారంగా మారుస్తుంది. నింపడం, నాలుగు రోజులకు ఖాళీ చేయడం చొప్పున మూడు వారాలు ఊరనిచ్చి, పీహెచ్ 8 లోపుకి దిగాకే తాబేలుని వేయాలి. ఆడదైతే పక్కన అడుగు లోతున ఇసుక, మట్టి కలిపిన గుంట ఉంచండి. మగతోడు లేకపోయినా గుడ్లు పెడుతుంది, తవ్వే చోటు లేకపోతే గుడ్డు లోపలే ఇరుక్కుంటుంది. గోడ అంచు నీటి మట్టానికి అడుగు పైకి ఉండాలి, మూలల్లో ఎగబాకుతాయి కాబట్టి అక్కడ లోపలికి వంచిన రేకు వేయండి. పైన ఇనుప జాలీ, కన్ను అంగుళం లోపు.